పెద్దల వేషాలు చూశాక కూడా చర్చికి ఎలా వెళ్లగలుగుతున్నారు?

ప్రశ్న అడిగినాయన బాధ ఇది. వాళ్ల సంఘంలో పెద్దలు ప్రసంగం ఒకటి చేస్తారు, బతుకు ఇంకోటి బతుకుతారు, కానుకల లెక్క అడిగితే మొహం చిట్లిస్తారు. అయినా విశ్వాసంలో నిలబడ్డవాళ్లుంటే ఎలా నిలబడ్డారో చెప్పమన్నాడు. నేను నిలబడ్డానని గట్టిగా అనలేను. నాలుగేళ్లు మానేసి మళ్లీ వెళ్లాను. అయినా చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో నాకు చాలా కాలంగా కడుపుమంట ఉంది.

మాది గుండ్లకమ్మ ఏటి దగ్గర మాదిగపల్లె, బాప్టిస్టు సంఘం. 1998 మే నెలలో నాన్న పోయాడు. పొగాకు ఆరబెట్టే కొట్టం (బ్యారన్) దగ్గర కూలికి పోయే మనిషి, రెండేళ్లకు పైగా మంచంలోనే ఉన్నాడు. ఆ మంచం పట్టినప్పటి నుంచి సంఘం చందా ఆగిపోయింది. నెలకు 20 రూపాయలు, 31 నెలల బాకీ. అది కాక మందిరం స్లాబు కోసం ఇంటికి వెయ్యి రాశారు. తెల్లవారుజామున ప్రాణం పోతే ఏడింటికల్లా సంఘ పెద్ద మా వాకిట్లోకి వచ్చాడు. ఓదార్చడానికి వచ్చాడనుకుని అమ్మ లేచి నిలబడింది. ఆయన చంకలోంచి రసీదు పుస్తకం తీశాడు. అరుగు మీద కూర్చుని, వేలు తడి చేసుకుని, ఒక్కో పేజీ తిప్పాడు.

"మొత్తం 1,620 అయిందమ్మా. ఇది కడితేగానీ గంట కొట్టించడానికి లేదు, సమాధుల తోటలో చోటూ చూపించలేను. నా చేతిలో ఏముంది, కమిటీ రూలు."

నాకు పంతొమ్మిదేళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం. ఇంట్లో ఉన్నవి మూడు వందలో ఏమో. ఎండ అప్పుడే ముదురుతోంది, ఐసు కోసం మా బాబాయి సైకిలేసుకుని పోయాడు. ఏం చేయాలో తెలియక నేను గుమ్మంలో నిలబడి ఉండగా గంట మోగింది.

చావు గంట విన్నవాళ్లకు తెలుసు, ఆదివారం గంటలా గలగల ఉండదు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య చాలా ఎడం. ఆ ఎడంలోనే పల్లె అంతా 'ఎవరు?' అని అడుగుతుంది. సంఘ పెద్ద పరుగున మందిరం దగ్గరికి పోయాడు, వెనకాల నేనూ పోయాను. గంట కొట్టే తాత తాడు వదల్లేదు. "ఎవరు చెప్పారు నిన్ను కొట్టమని?" అంటే, "తాడు లాగటం నా పని, లెక్కలు నీ పని. నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. ఆయనకు సంఘం ఇచ్చే జీతం అప్పట్లో నెలకు 150. ఆ తర్వాత రెండు నెలలు అదీ ఆపేశారు.

గంట మోగాక ఇక ఎవరాపుతారు? స్త్రీల సమాజం వాళ్లు వచ్చారు. మా సంఘాల్లో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం దేవుడి కోసం తీసి పక్కన పెడతారు. ఆ ఆదివారం మందిరానికి చేరాల్సిన పిడికెడు బియ్యమంతా మూటగట్టి తెచ్చి మా ఇంటి వెనక గాడిపొయ్యి మీద వండారు. రూలు ప్రకారం చూస్తే అది దొంగతనమే. వచ్చిన చుట్టాలు నలభై మంది తిన్నారు.

సాయంత్రం భూస్థాపనలో ప్రార్థన చేసింది మాత్రం ఆ సంఘ పెద్దే. దేవుడి కృప ఎంత ఉచితమో పావుగంట చెప్పాడు. నేను కళ్లు మూసుకోలేదు. బాకీ మాత్రం వదల్లేదు, అమ్మ ఏడాదిన్నర పాటు కొంచెం కొంచెంగా కట్టింది. చివరి రసీదు ఇంకా ఆమె బైబిల్లోనే ఉంది.

అప్పుడు మానేశాను. గుంటూరులో ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఒక పెద్ద ప్రార్థన మందిరానికి ఎనిమిది నెలలు పోయాను. స్పీకర్లు గుండెల మీద మోగేవి. దైవజనుడి ఫోటో యేసు పేరు కంటే పెద్దగా ఉండేది. ఇప్పుడైతే క్రిస్మస్ ఫ్లెక్సీలో ఎమ్మెల్యే ఒక పక్క, పాస్టరు ఒక పక్క, యేసు పుట్టిన పశువుల తొట్టె కింద మూలకు. పాత కీర్తన పాడదామంటే కీబోర్డు కుర్రాడు ఒప్పుకోడు, దానికీ డాన్సు దరువే కొడతాడు. చెప్పొచ్చేదేమంటే, సంఘం మారితే వేషాలు పోతాయనుకోవటం భ్రమ. నేను చూసిన ప్రతి చోటా ఉన్నాయి. యేసు పన్నెండు మంది శిష్యుల్లోనే డబ్బు సంచి మోసిన యూదా అందులోంచి దొంగిలించేవాడని యోహాను తన సువార్తలో రాసి పెట్టాడు కదా.

ఈలోగా అమ్మ ప్రతి ఆదివారం పోతూనే ఉంది. ఒకసారి ఇంటికొచ్చినప్పుడు అడిగాను, ఆయన్ని చూస్తుంటే ఒళ్లు మండదా అని. "ఆయన ముందు వరసలో కూర్చుంటాడురా, నాకు కనపడేది వీపే" అంది. అంతే. దీన్ని మించిన వేదాంతం నేను ఎక్కడా వినలేదు.

నన్ను మళ్లీ లోపలికి లాగింది ఇంకొకటి. 2003లో నాకు రిజర్వేషన్లో ఉద్యోగం వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాదు. తర్వాత సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, మమ్మల్ని మాత్రం ఇప్పటికీ చేర్చలేదు. బాప్తిస్మమని ఏట్లో మునిగి లేచినంత మాత్రాన పల్లెకూ ఊరికీ మధ్య దారి ఏమన్నా చెరిగిపోయిందా? ఆ ఉత్తర్వు అన్యాయమని నేను ఎక్కడైనా అంటాను. కానీ నా సర్టిఫికెట్ మీద హిందూ అని ఉంది, నా పేరు బాప్తిస్మం రిజిస్టర్లో ఉంది. విచారణకు వచ్చినవాళ్లు ఆ రిజిస్టరు చూపించమన్నారు. చెదలు పట్టి పోయిందని చెప్పి పంపించేశాడు మా సంఘ పెద్ద. రసీదు పుస్తకానికి ఏనాడూ పట్టని చెద! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన్ని వేషధారి అని నాలుగేళ్లు తిట్టినవాణ్ణి, నా జీతం ఆయన ఆడిన అబద్ధం మీద నిలబడి ఉంది. మర్నాడు ఆదివారం. వెళ్లాను, వెనక కిటికీ పక్కన కూర్చున్నాను.

లాభం చూసుకుని మతం పట్టుకుంటామనే అనుమానం మామీద కొత్తది కూడా కాదు. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మావాళ్లకు బకింగ్‌హాం కాలువ తవ్వే పని ఇప్పించాడు. గంజి కోసం మతంలో కలిశారనే మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఇదే గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఒంగోలు చుట్టుపక్కల ఎవర్ని కదిలించినా మా ముత్తాత ఆ రోజు ఏట్లో ఉన్నాడంటారు. అందర్నీ లెక్కేస్తే రెండు లక్షలు తేలతారు. మా నాయనమ్మా అలాగే చెప్పేది, నేనూ నమ్ముతాను.

ఒక మాట. ఆడపిల్లల జోలికి పోయేవాణ్ణీ, కానుకలు మింగినవాణ్ణీ ఓర్చుకోమని నేను అనటం లేదు. గోధుమలూ, గురుగులనే కలుపు మొక్కలూ కోతదాకా కలిసే పెరగాలన్న యేసు ఉపమానం చెప్పి నోరు మూయించే పాస్టర్లంటే నాకు అసహ్యం. అలాంటివి పోలీసు స్టేషన్లో తేలాలి, ప్రార్థన కూడికలో కాదు. మిగతా చిన్న చిన్న వేషాలకైతే ఏటా జరిగే సర్వసభ్య సమావేశంలో లేచి లెక్క అడగండి. మొహం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి. మూడేళ్లు అడిగితే మా దగ్గర నోటీసు బోర్డు మీద పెట్టటం మొదలుపెట్టారు. చందా బాకీ ఉంటే గంట కొట్టకూడదన్న రూలు కూడా 2011లో తీసేశాం. చేతులెత్తినవాళ్లలో ఆ సంఘ పెద్ద ఉన్నాడో లేడో గమనించలేదు, నాకు వీపే కనపడుతోంది.

ఈ ఆదివారం వెళ్లండి. కిటికీ పక్కన కూర్చోండి, ఏ మందిరంలోనైనా ఫ్యాను అక్కడే సరిగ్గా తిరుగుతుంది.