ఒక్క వర్షాకాలం అద్దెకుండి చూడు

మల్లేశ్వరం, బెంగళూరు

చి. ల. సౌ. మాధవికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. మొన్న గృహప్రవేశంలో భోజనాల దగ్గర నువ్వు చెప్పిన మాట విన్నప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. వైట్‌ఫీల్డ్ ఫ్లాటు అమ్మేసి అల్లుడుగారూ నువ్వూ హిమాచల్‌లోని అంద్రెట్టా అనే కొండ పల్లెలో స్థిరపడతామన్నావు. కొనేవాళ్లు దొరికారనీ వచ్చే నెలలోనే అగ్రిమెంటనీ అన్నావు. పదిమందిలో నేనేమీ అనలేకపోయాను. నిన్ను వద్దనడానికి రాయడం లేదు. మూడేళ్లు ఆ కాంగ్డా లోయలో కాపురం చేసి వచ్చినదాన్ని, ఆ ఊరంటే నాకు ఇప్పటికీ ప్రాణం. వెళ్లు. ఆ అగ్రిమెంటు మీద సంతకం మాత్రం ఇప్పుడు పెట్టకు.

నువ్వు చూసి వచ్చింది మార్చి నెల. ఎదురుగా ధవళధార్ కొండల మీద మంచు, కింద తేయాకు తోటలు, పలకరాతి కప్పుల ఇళ్లు, ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు బొమ్మ వేసుకుంటూనో మట్టి పిసుకుతూనో కనిపించి ఉంటారు. మేము కూడా అలాంటి రోజుల్లోనే మనసు పారేసుకున్నాం. జూన్ చివర వాన పట్టుకుంటే సెప్టెంబరు సగం దాకా వదలదు. మన బెంగళూరులో ఏడాదంతా కురిసేది వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అక్కడికి దగ్గరలోని ధర్మశాలలో అది మూడు వేలకు దగ్గర, అందులో ఎక్కువ భాగం ఆ మూడు నెలల్లోనే. పరుపుల కింద బూజు, బీరువాలో పట్టుచీరల మీద బూజు, ఉప్పు డబ్బాలో నీళ్లు. వసంతంలో కనిపించిన కళాకారుల్లో సగం మంది జులైకి ఢిల్లీకో గోవాకో వెళ్లిపోతారు. సందులో దీపం వెలిగే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ మిగిలిన నాలుగిళ్లే నిజంగా నీ ఊరు.

నీ కుండల పని సంగతే చూడు. ఇక్కడ బాల్కనీలో సారె మీద నుంచి దించిన గిన్నె రెండు రోజుల్లో ఆరిపోతుంది కదా. అక్కడ ఆగస్టులో నేను చేసిన ఒక పాల గిన్నెకు పన్నెండు రోజులు పట్టింది. రోజూ పొద్దున వేలితో అడుగు తడిమి చూసేదాన్ని, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. ఓపిక పట్టలేక ఒక సాయంత్రం కుంపటి పక్కన పెట్టాను. అంచు ముందు ఆరి ముడుచుకుంది, అడుగు ఇంకా మెత్తగానే ఉంది. తెల్లవారేసరికి పిడి దగ్గర నుంచి అడుగు దాకా వెంట్రుకంత పగులు. తడి దాచుకున్న కుండ ఆవంలోకి వెళితే లోపలి ఆవిరికి అదే పగిలి పక్కవాటిని కూడా పగలగొడుతుంది. ఆ వాతావరణానికి నీ చేతులు అలవాటు పడటానికి ఒక కాలం కావాలి. ఆ కాలం మీద నీకు ఇష్టం మిగులుతుందో లేదో తెలియడానికీ అంతే కావాలి.

ఇక నేల సంగతి. ఇల్లమ్మిన డబ్బుతో అక్కడి కొలతలో నాలుగు కనాల్‌ల నేల కొంటామన్నారట అల్లుడుగారు. హిమాచల్‌లో కౌలు, భూసంస్కరణల చట్టం 1972 నాటిది. అందులో 118వ సెక్షన్ ప్రకారం అక్కడి వ్యవసాయదారు కానివారు ప్రభుత్వ అనుమతి లేకుండా నేల కొనడానికి లేదు. మాకు చిత్తూరు జిల్లాలో పొలం ఉంది కదా అనుకోవద్దు, ఆ పొలం అక్కడ లెక్కలోకి రాదు. హిమాచల్‌లో భూమి ఉండి సేద్యం చేసేవారే వాళ్ల దృష్టిలో వ్యవసాయదారు. 'స్థానికుడి పేరు మీద కొందాం, లోపల మనం కాగితం రాసుకుందాం' అని చెప్పేవాళ్లు టీ కొట్టు దగ్గరే దొరుకుతారు. మాకూ దొరికారు. బయటపడిన రోజున ఆ నేల ప్రభుత్వపరం అవుతుంది, నీ జీవితకాలపు సంపాదన దానితో పాటే పోతుంది. ఇక్కడి ఇల్లు అమ్మి అక్కడ కొనలేకపోతే మీరు నిలబడేది ఎక్కడ? నాకు నిద్ర పట్టనిది దీని గురించే.

మరొకటి, నువ్వు నొచ్చుకున్నా చెప్పాలి. నీకు మట్టి ఉంది. అల్లుడుగారికి ఏముంది? మీ పెదనాన్నగారు మొదటి ఏడాదంతా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని కొండను చూశారు. రెండు నెలలు ఆనందంగా, మూడో నెలలో మౌనంగా, ఆ తర్వాత చిరాకుగా. ముప్పై ఐదేళ్లు ఆఫీసులో నలుగురి మధ్య తిరిగిన మనిషి, కొండతో ఎంతసేపని మాట్లాడతారు? చివరికి పక్కింటి అమ్మాయి తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం పట్టుకొని వచ్చింది. వారం తిరగకుండా ఆరుగురు పిల్లలు. అప్పటి నుంచి ఆయన ముఖం విప్పారింది. ఆ పిల్లల ఇళ్లలో పెళ్లి జరిగితే మమ్మల్ని ధామ్ అనే విందుకు పిలిచేవారు, నేల మీద వరసగా కూర్చోబెట్టి ఆకుల్లో వడ్డిస్తారు, అచ్చం మన పంక్తి భోజనం. కరివేపాకు అక్కడ కంచెల వెంట అడవిమొక్కలా పెరుగుతుంది. మా పక్కింటావిడ నేను చారులో వేస్తుంటే వింతగా చూసి, తర్వాత రాజ్మాలో తనూ వేసింది. అల్లుడుగారు ఉద్యోగం ఇంటి నుంచే చేస్తారు సరే, అది మానేసిన మర్నాడు పొద్దున ఏం చేస్తారో ఆయన్నే అడుగు. నువ్వు జవాబు చెప్పకు.

ఆ ఊరి పెద్దల కథ విన్నావు కదా. ఐర్లండ్ నుంచి వచ్చిన నటి నోరా రిచర్డ్స్ అక్కడ మట్టి ఇల్లు కట్టుకొని నాటకాలు ఆడించింది, 1971లో కన్నుమూసింది. చిత్రకారుడు శోభా సింగ్ దేశవిభజన తర్వాత వచ్చి స్థిరపడ్డాడు. 1980లలో కుండల కార్ఖానా వెలిసింది. వీళ్లంతా పనిని వెంటబెట్టుకొని వెళ్లినవాళ్లు. కొండ మీదికి వెళితే పని దొరుకుతుందని వెళ్లలేదు. అలాగే కులూ లోయలో, నగ్గర్‌లో, తండ్రి నికొలాయ్ రోరిక్ కొనుక్కున్న బంగళా ఉండి కూడా రష్యన్ చిత్రకారుడు స్వెతస్లావ్ రోరిక్, ఆయన భార్య, మన వాల్తేరులో పుట్టిన సినిమా నటి దేవికారాణి వచ్చి స్థిరపడింది ఈ బెంగళూరు శివార్లలో, కనకపుర రోడ్డు తాతగుణి తోటలో. ఆయన బొమ్మలు చిత్రకళా పరిషత్‌లో ఉన్నాయి, ఒకసారి అల్లుడుగారిని తీసుకెళ్లి చూపించు. హిమాలయాలను అంత ప్రేమగా గీసిన చెయ్యి ఇక్కడ ఉండి గీసింది.

మేము ఎందుకు తిరిగి వచ్చామో మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు. 2023 జులై, ఆ రాష్ట్రమంతా వరదలతో, విరిగిపడిన కొండలతో అల్లాడిన వారం. రాత్రి పదకొండున్నరకు మీ పెదనాన్నగారు ఛాతీ పట్టుకొని కూర్చున్నారు. టాండా మెడికల్ కాలేజీ ఆసుపత్రికి మామూలుగా గంటన్నర లోపే. ఆ రాత్రి దారిలో మట్టి జారి పడింది. పక్కింటివాళ్ల అబ్బాయి బండి నడుపుతూ, దిగి టార్చిలైటు వేసి రోడ్డు ఉందో లేదో చూసి మళ్లీ ఎక్కుతూ, మూడున్నర గంటలకు చేర్చాడు. డాక్టర్లు దేవుళ్లలా ఆదుకున్నారు, ఆయన బతికారు. కానీ ఆ మూడున్నర గంటలూ ఆయన చెయ్యి నా చేతిలో చల్లబడుతూ ఉండటం నేను మరచిపోలేదు. మరుసటి ఏడాది సామాను సర్దుకున్నాం. మీరింకా యాభైల్లో ఉన్నారు, మీకు ఆ భయం అక్కర్లేదు. అయితే అల్లుడుగారికి రక్తపోటు ఉందని మాత్రం మరవకు. ఇల్లు చూసేటప్పుడు కిటికీలో నుంచి ఏం కనిపిస్తుందో తర్వాత చూడు, అంబులెన్సు గుమ్మం దాకా వస్తుందా అని ముందు చూడు. ఆ ప్రాంతంలో 1905 ఏప్రిల్ 4న వచ్చిన భూకంపంలో ఇరవై వేల మంది దాకా పోయారు. ఇంటి గోడలు, పునాది తెలిసిన మేస్త్రీకి చూపించు.

కాబట్టి ఇలా చెయ్యి. ఫ్లాటు పదకొండు నెలలకు అద్దెకివ్వు, ఆ అద్దె అక్కడి ఇంటి అద్దెకు పోగా మిగులుతుంది. జూన్ ఇరవైకల్లా అక్కడికి చేరు, వానకు ముందే. జనవరి చలి చివర దాకా ఉండు. అక్కడి విమానాశ్రయం గగ్గల్‌లో దిగే విమానాలు మబ్బు పడితే రద్దవుతాయి, ఢిల్లీ నుంచి రాత్రి బస్సు తెలిసి ఉండాలి. పెద్ద సారె మోసుకెళ్లకు, రెండు పరికరాలు చాలు. ఫిబ్రవరిలో ఇద్దరూ నా దగ్గరికి వచ్చి, ఇంకా అక్కడే ఉండాలని ఉంది పెద్దమ్మా అంటే, ఫ్లాటు బేరానికి నేనే వచ్చి కూర్చుంటాను.

మేమున్న ఇంటావిడ నంబరు ఈ కాగితం వెనక రాశాను. మేడ మీది గది ఖాళీగా ఉందట, నిన్ననే అడిగాను. మా ఉన్ని దుప్పట్లు రెండు, పెదనాన్నగారి మందపాటి కోటు, వేన్నీళ్ల సంచులు అటక మీద ఉన్నాయి. ఆదివారం పొద్దున ఇద్దరూ రండి. కోటు అల్లుడుగారికి సరిపోతుందో లేదో చూడాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ