జ్యూరిక్ నుంచి మిలాన్‌కి రైల్లో వెళ్తూ ఒక రాత్రి ఎక్కడ ఆగాలి? తిరానోలో ఆగండి

మీరు అడిగింది ఇదీ: మొత్తం ఐదుగురు, అందులో మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు, తొమ్మిదేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప. జ్యూరిక్ నుంచి మిలాన్‌కి బెర్నీనా కొండల మీదుగా రైల్లో వెళ్దామనుకుంటున్నారు. దారిలో ఒక్క రాత్రి ఆగడానికి స్విట్జర్లాండ్‌లోని కూర్, ఇటలీలోని తిరానో, వరెన్నా, ఈ మూడింటిలో ఏది నయం?

తిరానో. మేం ఈ దారిలో రెండుసార్లు వెళ్ళాం. మొదటిసారి వరెన్నాలో ఆగాం, రెండోసారి తిరానోలో. రెండుసార్లూ మా అత్తయ్య వెంట ఉన్నారు కాబట్టి మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు.

అసలు ఆగడం అవసరమా అంటే, ఈ దారిలో అవసరమే. జ్యూరిక్ నుంచి మిలాన్‌కి నేరుగా వెళ్ళే రైలు మూడుంపావు గంటల్లో దింపేస్తుంది. కానీ అది 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల గోట్‌హార్డ్ సొరంగంలోంచి పోతుంది, ఆల్ప్స్ కొండల కింద నుంచి చీకట్లో వెళ్ళిపోతారు. బెర్నీనా దారిలో అయితే జ్యూరిక్ నుంచి కూర్‌కి గంటంపావు, అక్కడి నుంచి తిరానోకి నాలుగు గంటల పైన, తిరానో నుంచి మిలాన్‌కి మరో రెండున్నర గంటలు. రైలు మారేటప్పుడు ఎదురుచూసే సమయం కలిపితే తొమ్మిది గంటలు దాటుతుంది. ఐదేళ్ళ పాపతో, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడతో ఇది ఒక్కరోజులో చేసే ప్రయాణం కాదు.

వరెన్నాలో ఏం జరిగిందో చెప్తాను, ఎందుకంటే ఫొటోలు చూస్తే మీరూ అదే ఎంచుకుంటారు. కోమో సరస్సు ఒడ్డున రంగురంగుల ఇళ్ళు, నీళ్ళలో వాటి నీడలు. చాలా అందమైన ఊరు, అందులో సందేహం లేదు. మ్యాప్‌లో స్టేషన్ నుంచి మా గదికి ఎనిమిది నిమిషాల నడక అని ఉంది. మ్యాప్ చెప్పనిది ఏమిటంటే, స్టేషన్ పైన ఉంటుంది, సరస్సు కింద ఉంటుంది, మధ్యలో గుండ్రాళ్ళు పరిచిన సన్నటి మెట్ల సందులు. పెట్టె చక్రాలు ఆ రాళ్ళ మీద దొర్లవు. మా మామయ్య ఇరవై కిలోల పెట్టెని రెండు చేతుల్తో పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారు. అత్తయ్య గోడ మీద అరచెయ్యి ఆనించి, రెండు పాదాలూ ఒకే మెట్టు మీదకి తెచ్చుకుని, తర్వాతే ఇంకో మెట్టు దిగుతున్నారు. ఎనిమిది నిమిషాల నడక నలభై నిమిషాలు పట్టింది. మర్నాడు పొద్దున్న అవే మెట్లు ఎక్కాలని తల్చుకుని రాత్రంతా నాకు టెన్షనే. ఊరిదేం తప్పు లేదు, మేం చూసుకోవాల్సింది చూసుకోలేదు.

అప్పటి నుంచి మేం చూసేది ఒక్కటే: ఎలాగూ రైలు మారాల్సిన ఊరేది? ఆ ఊళ్ళో ప్లాట్‌ఫామ్ నుంచి మంచం దాకా దారి చదునుగా ఉందా? తిరానో ఈ లెక్కకి సరిగ్గా సరిపోతుంది. స్విట్జర్లాండ్ నుంచి వచ్చే ఎర్ర రైలు అక్కడితో ఆగిపోతుంది. మిలాన్ వెళ్ళే ఇటలీ రైలు అక్కడే బయల్దేరుతుంది. రెండు స్టేషన్లూ పక్కపక్కనే ఉంటాయి. ఆగినందుకు అదనంగా ఎక్కే రైలు గానీ, అదనంగా మోసే బరువు గానీ ఉండదు. స్టేషన్ చుట్టుపక్కల రోడ్డు చదును. మేం దిగిన గది స్టేషన్ నుంచి అయిదు నిమిషాలు, అవి నిజంగానే అయిదు నిమిషాలు.

కూర్ కూడా మంచి ఊరే, స్విట్జర్లాండ్‌లో అన్నిటికంటే పాత ఊరంటారు. కానీ జ్యూరిక్‌కి మరీ దగ్గర. అక్కడ ఆగితే అసలు ప్రయాణమంతా మర్నాటికే మిగిలిపోతుంది. మీ విమానం సాయంత్రం దిగేదైతే తప్ప కూర్ గురించి ఆలోచించకండి.

ఇక రైలు గురించి. కూర్ నుంచి తిరానో దాకా దాదాపు 144 కిలోమీటర్లు, 55 సొరంగాలు, 196 వంతెనలు. యునెస్కో 2008లో ఈ మార్గంలో చాలా భాగాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. కుడివైపు సీట్లు తీసుకోండి. 65 మీటర్ల ఎత్తున్న లాండ్‌వాసర్ వంతెన, పైన తెల్లటి సరస్సు లాగో బియాంకో, రెండూ అటువైపే బాగా కనిపిస్తాయి. దారిలో అన్నిటికంటే ఎత్తయిన స్టేషన్ 2253 మీటర్ల ఎత్తులో ఉంటుంది, తిరానో 429 మీటర్లే. అంటే రెండు గంటలు కూడా కాకుండానే పద్దెనిమిది వందల మీటర్లు కిందికి దిగిపోతాం. మేం మే నెలలో వెళ్తే పైన మంచు, కింద ద్రాక్షతోటలు. స్వెటర్లు పెద్ద పెట్టెలో పెట్టేయకండి, చేతి సంచిలో ఉంచండి. దిగేటప్పుడు పిల్లలకి చెవులు బిగుసుకుంటాయి, చప్పరించడానికి ఏదైనా ఇవ్వండి.

మీ బాబుకి బ్రూసియో దగ్గర మాత్రం నిద్ర రానివ్వకండి. అక్కడ రైలు ఒక రాతి వంతెన ఎక్కి, గుండ్రంగా చుట్టు తిరిగి, అదే వంతెన కమాను కిందనుంచి బయటికొస్తుంది. ఈ రైలుకి మధ్యలో పళ్ళపట్టా (వాలు మీద జారకుండా పళ్ళచక్రం పట్టుకునే పట్టా) లేదు, మామూలు పట్టాల మీదే వంద మీటర్లకి ఏడు మీటర్ల వాలు దాకా దిగుతుంది. అంతకన్నా వాలు కుదరదు కాబట్టి, లోయలో చోటు చాలనిచోట దారిని చుట్టలా తిప్పి పొడవు పెంచారు. మావాడు అద్దానికి ముక్కు ఆనించి, మన రైలు ఇంజను మనకే కనిపిస్తోందని కేక పెట్టాడు. రైలుపెట్టెలో ఉన్నవాళ్ళంతా వాడి వైపే చూశారు.

తిరానో సాయంత్రం గురించి నాకు ముందుగా ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించిన సంగతి, భోజనం. రెస్టారెంట్లు మధ్యాహ్నం మూసేస్తే మళ్ళీ రాత్రి ఏడు, ఏడున్నరకి గానీ తెరవవు. పిల్లలకి ఐదింటికే ఆకలి మొదలవుతుంది. దిగగానే సూపర్‌మార్కెట్‌లో పెరుగు, పళ్ళు, బ్రెడ్ కొనిపెట్టుకోండి. ఆ ప్రాంతపు వంట పిత్సోక్కేరి అని, బక్‌వీట్ పిండితో చేసిన వెడల్పాటి పాస్తా. బంగాళాదుంప, క్యాబేజీ, చీజ్, వెన్న వేస్తారు, మాంసం ఉండదు. అత్తయ్య ఇష్టంగా తిన్నారు. బ్రెసావోలా అని మెనూలో కనిపిస్తే అది గొడ్డుమాంసం, తినని వాళ్ళు జాగ్రత్త.

ఏడయ్యే దాకా ఏం చేయాలంటే, స్టేషన్ నుంచి మెల్లగా నడిచి బసిలికా దగ్గరికి వెళ్ళండి. పెద్దవాళ్ళతో ఇరవై నిమిషాలు పడుతుంది, ఎక్కడా ఎత్తు లేదు. 1504లో మేరీమాత అక్కడ కనిపించిందన్న నమ్మకంతో కట్టిన చర్చి అది. దాని ముందు కూడలిలోంచే రైలు పట్టాలు పోతాయి, చుట్టూ కంచె కూడా ఉండదు. కార్లన్నీ ఆగి నిలబడతాయి, ఎర్ర రైలు కూత వేసుకుంటూ కూడలి మధ్యలోంచి నింపాదిగా నడిచిపోతుంది. మా పిల్లలు ఒకటి చూసి, ఇంకోటి వచ్చేదాకా కదలం అన్నారు. అత్తయ్య బెంచీ మీద కూర్చుని వాళ్ళతో పాటు ఎదురుచూశారు. పాప చెయ్యి మాత్రం వదలకండి, పట్టాలు రోడ్డులో భాగమే.

టికెట్ల విషయంలో: కూర్ నుంచి తిరానోకి నేరుగా వెళ్ళే బెర్నీనా ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ కాక సీటు రిజర్వేషన్ తప్పనిసరి. మామూలు లోకల్ రైళ్ళు కూడా అవే పట్టాల మీద వెళ్తాయి, వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు, కొన్ని పెట్టెల్లో కిటికీలు తెరుచుకుంటాయి. కాకపోతే దారిలో మారాలి. సామానుతో, పెద్దావిడతో మీకు ఎక్స్‌ప్రెస్సే మేలు. స్విట్జర్లాండ్ రైళ్ళలో తిరగడానికి పర్యాటకులు తీసుకునే స్విస్ ట్రావెల్ పాస్ తిరానో దాకా చెల్లుతుంది. ఆరేళ్ళ లోపు పాపకి టికెట్ లేదు, బాబుకి మీ పాస్‌తో పాటు ఫ్యామిలీ కార్డు అడిగి తీసుకోండి, ఉచితం. తిరానో నుంచి మిలాన్‌కి వేరే టికెట్ కొనాలి. అది ప్రాంతీయ రైలు కాబట్టి ముందుగా కొన్నంత మాత్రాన ధర తగ్గదు. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు స్టేషన్‌లో మెషీన్‌లో ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి, లేకపోతే జరిమానా కట్టాలి. ఇటలీలో గది తీసుకునేటప్పుడు పిల్లలతో సహా అందరి పాస్‌పోర్టులూ అడుగుతారు, అన్నీ ఒక్క చేతి సంచిలో ఉంచుకోండి.

మిలాన్ నుంచి అదేరోజు విమానం ఉంటే ఒక్క మాట. ఇటలీలో రైల్వే సమ్మెలు తరచుగా జరుగుతాయి, వాళ్ళు షోపెరో అంటారు, తేదీలు ముందే ప్రకటిస్తారు. పనిరోజుల్లో సమ్మె ఉన్నా పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య కొన్ని రైళ్ళు తప్పకుండా నడపాలన్న నియమం ఉంది. వారం ముందు ఒకసారి చూసుకోండి. ట్రాక్ పనుల కోసం తిరానో నుంచి మిలాన్ వెళ్ళే లైన్లో రైళ్ళకి బదులు బస్సులు వేసిన రోజులు కూడా ఉన్నాయి, అదీ చూడండి.

గది బుక్ చేసేముందు లిఫ్టు ఉందా అని వాళ్ళకి మెయిల్ పెట్టి అడగండి. పాత భవనాల్లో చాలావాటికి ఉండదు. ఏ నెలలో వెళ్తున్నారో రాయలేదు. రాస్తే పైన మంచు ఎంత ఉంటుంది, బట్టలు ఏం పెట్టుకోవాలి అన్నది కూడా చెప్తాను.