పీటీ ఐఎన్‌ఆర్ రెండు ల్యాబుల్లో రెండు రకాలుగా వస్తే ఏది నమ్మాలి?

మీ నాన్నగారికి గుండెలో మైట్రల్ మెటల్ వాల్వ్ వేశారనీ, ఒకే రోజు ఒక ల్యాబులో పీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే టైము) 24 సెకన్లు, ఇంకో ల్యాబులో 30 సెకన్లు వచ్చిందనీ రాశారు. నేను ల్యాబ్ టెక్నీషియన్‌నండీ. మా అమ్మకూ అదే వాల్వ్, ఏళ్లుగా ఎసిట్రోమ్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్ర) వేసుకుంటోంది. మీ కంగారు నాకు అర్థమైంది.

ముందు ఆ సెకన్లు పక్కన పెట్టి, కింద ఐఎన్‌ఆర్ ఎంతుందో చూడండి. ఏ ల్యాబులో చేసినా పోల్చుకునేలా ఆ సెకన్లను మార్చి చెప్పే అంకె అది. రెండుచోట్లా 2.5 దగ్గరే ఉంటే రెండూ కరెక్టే.

గాయమైనప్పుడు ముందు ప్లేట్‌లెట్లు వచ్చి అతుక్కుంటాయి. ఆ వెంటనే రక్తంలోని ఫ్యాక్టర్లు (గడ్డకట్టించే ప్రోటీన్లు) వరుసగా ఒకదాన్నొకటి మేల్కొలుపుతూ పోతే చివరికి త్రాంబిన్ తయారై, ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. వీటిలో 2, 7, 9, 10 ఫ్యాక్టర్లు కాలేయంలో సరిగ్గా తయారవాలంటే విటమిన్ కె కావాలి. ఎసిట్రోమ్, వార్ఫరిన్ అడ్డుపడేది అక్కడే.

మేం చేసేది ఇదీ: నీలం మూత ట్యూబులో సిట్రేట్ ఉంటుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టకుండా ఆపుతుంది. ప్లాస్మా వేరుచేసి, 37 డిగ్రీల దగ్గర వెచ్చబెట్టి, త్రాంబోప్లాస్టిన్ (గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే పదార్థం), కాల్షియం ఉన్న రీయేజెంట్ కలపగానే టైము మొదలవుతుంది. చేత్తో చేసేచోట ట్యూబును లైటుకెదురుగా వంచుతూ కళ్లార్పకుండా చూస్తాం. సన్నటి పోగు ఒకటి కనబడి, చూస్తుండగానే అంతా పేరుకుపోతుంది. అప్పటిదాకా పట్టిన సెకన్లే పీటీ. రీయేజెంట్ ఒక్కో కంపెనీది ఒక్కో బలంతో ఉంటుంది, ఆ బలాన్ని చెప్పే అంకె ఐఎస్ఐ కూడా వేరు. కంట్రోల్ (ఆరోగ్యవంతుల ప్లాస్మాకు పట్టే టైము) 12 సెకన్లనుకుంటే, ఐఎస్ఐ 1.0 ఉన్నచోట 30 సెకన్లకూ, 1.3 ఉన్నచోట 24 సెకన్లకూ ఐఎన్‌ఆర్ దాదాపు 2.5 వస్తుంది. 1980ల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ లెక్క తెచ్చింది ఈ తేడా పోవడానికే.

ఐఎన్‌ఆరే బాగా తేడాగా ఉంటే మాత్రం నేను ముందు అనుమానించేది శాంపిల్‌ని. తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ ఉండాలి. నరం దొరకలేదని సగం ట్యూబే నింపితే సిట్రేట్ ఎక్కువైపోయి ఐఎన్‌ఆర్ లేనిపోనిదిగా పెరుగుతుంది. దాన్ని చూసి డోసు తగ్గిస్తే వాల్వ్ మీద గడ్డకట్టే ప్రమాదం. అందుకే రక్తం తీసేటప్పుడు ట్యూబు గీత దాకా నిండిందో లేదో చూడండి. నిండకపోతే మళ్లీ తీయమని అడగండి, మొహమాటపడొద్దు. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించండి.

డోసు మార్చిన మర్నాడే పరీక్ష చేయిస్తే అసలు సంగతి తెలియదు. 2వ ఫ్యాక్టర్ సగానికి తగ్గడానికే రెండు మూడు రోజులు పడుతుంది. విటమిన్ కె ఉంటుందని తోటకూర, పాలకూర, మునగాకు మానక్కర్లేదు, ఎప్పుడూ తినేంతే తింటే చాలు. ఒళ్లునొప్పులకని మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేసుకోవడం మాత్రం వద్దు. అది మా అమ్మను అస్సలు చేయనివ్వను.

మైట్రల్ మెటల్ వాల్వ్‌కు సాధారణంగా ఐఎన్‌ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. నాన్నగారికి ఎంత ఉండాలో డాక్టరు చేత ఫైలు మీద రాయించుకోండి. విరేచనం నల్లగా అయినా, మాట తడబడినా రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.