అహ్మదాబాద్ ఆఫర్: సీటీసీ ఏడు లక్షల ఇరవై వేలు, నెలాఖరుకి మిగిలేదెంత?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నాకు 29, మా ఆవిడకి 27. పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీలో క్యూసీ (నాణ్యత పరీక్షల) విభాగంలో నాలుగేళ్ళ తొమ్మిది నెలలుగా పనిచేస్తున్నాను. బేసిక్ 16,000, చేతికి 29,500 వస్తుంది. ఆవిడ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్, 13,000. అమ్మానాన్నలతో సొంతింట్లోనే ఉంటాం కాబట్టి అద్దె లేదు, నెలకి 16,000 దాకా మిగులుతోంది. ఇప్పుడు అహ్మదాబాద్ కంపెనీ 7.2 లక్షల సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) ఇస్తానంటోంది. పెద్ద ఊరు, మంచి ప్లాంటు, మాకంటూ ఒక సంసారం అని ఇద్దరికీ వెళ్ళాలనే ఉంది. బ్యాంకులో 2.4 లక్షలు, పీఎఫ్‌లో లక్షన్నర, పూసపాటిరేగ దగ్గర 150 గజాల స్థలం ఉన్నాయి. పీఎఫ్ తీసి, స్థలం అమ్మి అక్కడ ఫ్లాట్ కొనమని బంధువుల సలహా. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్ళండి. అయితే ఇప్పుడున్న షరతుల మీద, ఇప్పుడనుకుంటున్న తేదీకి మాత్రం వద్దు. పీఎఫ్ తీయొద్దు, ఫ్లాట్ ఆలోచన రెండేళ్ళు పక్కన పెట్టండి.

ముందు ఆ 7.2 లక్షల సంగతి చూద్దాం. పన్నెండుతో భాగించి నెలకి 60,000 అనుకుని ఉంటారు, అందరూ అదే చేస్తారు. మీరు పంపిన జీతం పట్టీలో వేరియబుల్ పే 72,000 ఉంది. అది ఏడాది చివర రేటింగ్ చూసి ఇచ్చేది, ఇచ్చే రోజుకి మీరు కంపెనీలో ఉండాలి కూడా. కాబట్టి నెల ఖర్చుల లెక్కలో దానికి చోటు లేదు. బేసిక్ నెలకి 30,000 కనక కంపెనీ వాటా పీఎఫ్ ఏడాదికి 43,200. గ్రాట్యుటీ (ఎక్కువకాలం పనిచేసి మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) పేరుతో బేసిక్ మీద 4.81 శాతం, అంటే 17,316 చూపించారు. అయిదేళ్ళు నిండితే తప్ప అది మీ డబ్బు కాదు. ఇవన్నీ తీసేస్తే 5,87,484, నెలకి 48,957. అందులోంచి మీ వాటా పీఎఫ్ 3,600, వృత్తి పన్ను 200, బస్సుకీ క్యాంటీన్‌కీ కలిపి 1,500 పోతే చేతికొచ్చేది 43,657. ఆదాయపు పన్ను బెంగ అక్కర్లేదు. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్ళందరికీ ఇచ్చే తగ్గింపు)తో కలిపి 12.75 లక్షల దాకా జీతగాళ్ళకి పన్ను పడదు. ఆ విధానంలో ఇంటద్దె మినహాయింపు ఉండదు గానీ, పన్నే లేనప్పుడు దాని అవసరమూ లేదు.

ఇక ఖర్చు. మీరు వాకబు చేసి రాసిన అద్దె 15,000. సొసైటీ మెయింటెనెన్స్ 1,500, సరుకులూ పాలూ కూరలూ 9,000, కరెంటూ గ్యాసూ 2,000, పెట్రోలు 2,500, ఫోన్లూ నెట్టూ 1,200, ఊరి ప్రయాణాలకి నెలనెలా పక్కన పెట్టాల్సింది 2,500, అమ్మానాన్నలకి పంపేది 5,000, మందులూ చిల్లరా 3,000. మొత్తం 41,700. మిగిలేది 2,000 కూడా లేదు. ఇక్కడ మీకు 16,000 మిగులుతోంది. జీతం సగం పెరిగింది, మిగులు ఎనిమిదో వంతుకి పడిపోయింది. ఇక్కడ మీ సంసారాన్ని మోస్తున్నది మీ నాన్నగారి ఇల్లు, ఆవిడ జీతం. ఆ రెండూ ఒకేసారి తీసేస్తే జరిగేది ఇదే.

ఒకటి మాత్రం మీ వైపు కలపాలి. ఇక్కడ మీ పీఎఫ్‌కి రెండు వాటాలూ కలిపి నెలకి 3,840 వెళ్తోంది, అక్కడ 7,200 వెళ్తుంది. ఆ 3,360 తేడా కూడా మీ పొదుపే. అది కలిపాక నెల మిగులులో తేడా 14,000 నుంచి సుమారు 10,700కి దిగుతుంది. అంటే ఆవిడ అక్కడ నెలకి 11,000 సంపాదిస్తే ఇక్కడికీ అక్కడికీ సరిసమానం. 20,000 వస్తే వెళ్ళడం లాభం. అసలేమీ రాకపోతే మొదటి ఏడాదంతా కాళ్ళు ముడుచుకునే బతకాలి. కాబట్టి ఈ ఆఫర్ మంచిదా కాదా అన్నది మీ జీతం తేల్చదు, ఆవిడ ఉద్యోగం తేలుస్తుంది.

ఆవిడ వైపు రెండు మాటలు. బీఎడ్ ఎన్‌సీటీఈ (టీచర్ చదువుల జాతీయ మండలి) గుర్తింపు ఉన్న కాలేజీలో చేసుంటే దేశమంతా చెల్లుతుంది. అక్కడి సీబీఎస్‌ఈ స్కూళ్ళలో అడగదగ్గ మరో కాగితం సీటెట్, అంటే కేంద్ర టీచర్ అర్హత పరీక్ష. ఒకసారి పాసైతే జీవితకాలం పనికొస్తుంది, వీలైతే ఇక్కడ ఉండగానే రాసేయమనండి. లెక్కలు ఇంగ్లీషులో చెప్పగలిగినా స్టాఫ్ రూములోనూ తల్లిదండ్రులతోనూ హిందీ కావాలి, ఈ మూడు నెలలూ దాని మీద కూర్చోవాలి. డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ పోస్టుల ఎంపిక) ఆశ ఉంటే ఊరు మారినందుకు స్థానికత, అంటే లోకల్ అభ్యర్థి హోదా, పోతుందన్న భయం వద్దు. అది పదో తరగతి దాకా ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు తేదీ. మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన సంగతి మీరు పైపైన రాసి వదిలేసిన “నాలుగేళ్ళ తొమ్మిది నెలలు”. అయిదేళ్ళు నిండితే మీకు గ్రాట్యుటీ వస్తుంది. నెలకి 26 పనిదినాల లెక్కన ఏడాదికి 15 రోజుల బేసిక్: 16,000 ఇంటూ 15, బై 26, ఇంటూ 5. లెక్క కడితే 46,154. రెండు నెలల నోటీసు కాలం కూడా సర్వీసే కాబట్టి ఈరోజు రాజీనామా ఇస్తే నాలుగేళ్ళ పదకొండు నెలలకి బయట పడతారు. ఒక్క నెల తక్కువైనందుకు 46,000 పోతాయి. నాలుగేళ్ళ 240 రోజులు చాలని మద్రాస్ హైకోర్టు తీర్పు ఉన్న మాట నిజమే. కానీ దాన్ని ఒప్పుకోని కంపెనీతో లేబర్ ఆఫీసు చుట్టూ తిరగడం కంటే ఒక నెల ఆగడం చవక. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. కొత్త కంపెనీ తొందరపెడితే నోటీసు డబ్బు కట్టేసి బయటికొచ్చేస్తారు, సర్వీసు ఆ రోజుతో ఆగిపోతుంది. కట్టిన డబ్బూ పోతుంది, గ్రాట్యుటీ కూడా పోతుంది.

మీరు చేరింది ఏప్రిల్ మొదటి వారంలో. కాబట్టి చివరి పనిదినం ఏప్రిల్ రెండో వారంలో పడేలా రాజీనామా ఇవ్వండి, అహ్మదాబాద్‌లో చేరే తేదీ ఏప్రిల్ 20 తర్వాతకి అడగండి. మన స్కూళ్ళు ఏప్రిల్ నాలుగో వారంలో మూసేస్తారు, అక్కడ గుజరాత్ బోర్డు స్కూళ్ళలో కొత్త విద్యాసంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. ఆవిడ ఇక్కడ జీతం పూర్తిగా తీసుకుని, మేలో వచ్చి ఇంటర్వ్యూలు చేసుకుని, జూన్‌లో చేరొచ్చు. కంపెనీ ఆగనంటే ఆ 46,000 జాయినింగ్ బోనస్‌గా అడగండి. హెచ్‌ఆర్ వాళ్ళకి నెల జీతం పెంచడం కష్టం, ఒక్కసారి ఇచ్చేది తేలిక. అదే వరసలో సామాను ఖర్చు, 15 రోజుల గెస్ట్‌హౌస్ కూడా అడగండి. ఏడాదిలోపు మానేస్తే ఇదంతా తిరిగి కట్టాలన్న నిబంధన అందులో ఉండే అవకాశం ఎక్కువ, సంతకానికి ముందు చదవండి. చేతికి ఆఫర్ లెటర్ వచ్చేదాకా ఇక్కడ రాజీనామా మాట ఎత్తొద్దు. ఆ లెటర్ ఉండగానే విశాఖ దగ్గర ఫార్మా కంపెనీలున్న పరవాడ, అచ్యుతాపురం వైపు కూడా రెండు ఇంటర్వ్యూలకి వెళ్ళి రండి. ఇంటికి మూడు గంటల దూరంలో అంతకి దగ్గరగా ఇచ్చేవాడు దొరికితే ఈ లెక్కంతా మారిపోతుంది.

పీఎఫ్. అయిదేళ్ళలోపు తీస్తే పన్ను పడుతుంది, 50,000 దాటితే టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కొత్తదానికి కలుస్తుంది, పెన్షన్‌కి కావాల్సిన పదేళ్ళలో దాదాపు సగం ఇప్పటికే మీ ఖాతాలో ఉంది. ఇక్కడ మనవాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, కంపెనీ రికార్డులో ఒక్క అక్షరమే ఉంటుంది. గుజరాత్‌లో పేరు మధ్యలో తండ్రి పేరు రాయడం ఆనవాయితీ, అక్కడి గుమస్తా మీ ఫారంలోనూ అలాగే నింపేస్తాడు. మూడు రకాల పేర్లయితే బదిలీ ఆగిపోతుంది. చేరే రోజున పేరు ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయించండి. పాత కంపెనీ మీ చివరి తేదీని పీఎఫ్ పోర్టల్‌లో నమోదు చేసిందో లేదో కూడా చూసుకోండి.

వెళ్ళడానికి అయ్యే ఖర్చు: అడ్వాన్సు రెండు నెలలది 30,000, బ్రోకర్‌కి 15,000, మొదటి అద్దె 15,000, సామానూ బండీ 25,000, టికెట్లు 8,000, మంచం, గ్యాస్ స్టవ్ లాంటివి 30,000. మొత్తం 1,23,000. మీ 2.4 లక్షల్లో 1,17,000 మిగులుతుంది. గ్రాట్యుటీ దరఖాస్తు ఇచ్చిన 30 రోజుల్లో చెల్లించాలి కాబట్టి ఆ 46,000 కూడా కలిస్తే దాదాపు నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు.

పాత ఫ్రిజ్, సోఫా 1,600 కిలోమీటర్లు దాటించడం దండగ, ఇక్కడే అమ్మేయండి. ప్యాకర్లతో గొడవలన్నీ లారీ ఎక్కించాక మొదలవుతాయి. బరువు పెరిగిందనీ, లోడు దించాలంటే ఇంకో పదివేలు ఇవ్వమనీ అంటారు. వస్తువుల జాబితా, మొత్తం రేటు, దారిలో పాడైతే బీమా, ఇవి కాగితం మీద లేకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. బండిని రైల్లో పార్సిల్ వేస్తే ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్సీ, ఇన్సూరెన్స్ నకళ్ళు ఉండాలి. ఏడాది దాటి అక్కడ తిరిగితే గుజరాత్ రిజిస్ట్రేషన్‌కి మారాలి, దానికి శ్రీకాకుళం ఆర్టీవో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, అక్కడ రోడ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ళ ఒప్పుకోలు కూడా ముందే తీసుకోండి. గ్యాస్ సిలిండరూ రెగ్యులేటరూ ఏజెన్సీకి అప్పగించి డిపాజిట్ వెనక్కి తీసుకుని వోచర్ పట్టుకెళ్ళండి.

ఇల్లు వెతికేటప్పుడు టోకెన్ ఇవ్వకముందే ఒక మాట అడగాలి. అక్కడ కొన్ని సొసైటీల్లో మాంసాహారం వండేవాళ్ళకి ఇల్లివ్వరు. చేపల పులుసు లేనిదే ఆదివారం గడవని ఇంట్లోంచి వెళ్తున్నారు, తర్వాత తెలిస్తే అడ్వాన్సులో కోత పడుతుంది. అగ్రిమెంటు పదకొండు నెలలది రాస్తారు. అందులో లాక్-ఇన్ (ఖాళీ చేయకూడని గడువు) ఎన్ని నెలలు, ఖాళీ చేసేటప్పుడు రంగులకి ఎంత పట్టుకుంటారు అన్నవి చూడండి. పోలీసులకి ఇవ్వాల్సిన అద్దెదారు వివరాలు ఓనర్ ఇచ్చాడో లేదో కనుక్కోండి.

స్థలం అమ్మొద్దు. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ధర పెరుగుతుందన్న ఊహతో చెప్పడం లేదు, అది పెరగొచ్చు, ఆగొచ్చు. ఉద్యోగంలో ఆర్నెల్లు నిలవకుండానే, ఊరు నచ్చిందో లేదో తెలియకుండానే ఆ డబ్బు ఫ్లాట్‌లో ఇరికించడం తప్పు, అంతే. వెళ్ళేలోపు ఈసీ (స్థలం మీద అప్పులూ లావాదేవీలూ చూపే రిజిస్ట్రేషన్ పత్రం) తీసి చూసుకుని, హద్దురాళ్ళు పాతించి, ఫొటోలు తీసి, ఆర్నెల్లకోసారి నాన్నగారిని వెళ్ళి చూసి రమ్మనండి. దూరంగా ఉన్నవాళ్ళ ఖాళీ స్థలాల మీదే అందరి కళ్ళూ.

ఆరోగ్య బీమా. కంపెనీ పాలసీ చివరి పనిదినంతో ఆగిపోతుంది, కొత్తది చేరిన రోజున మొదలవుతుంది. మధ్యలో పది రోజులు ఏ రక్షణా ఉండదు. అందుకే మీ ఇద్దరికీ సొంత పాలసీ ఒకటి ఇప్పుడే తీసుకోండి. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. కొత్త కంపెనీ పాలసీలో అమ్మానాన్నలని చేర్చే వీలుందా, శ్రీకాకుళం, విశాఖల్లో ఏ ఆసుపత్రుల్లో నగదు లేకుండా చూస్తారు అన్నవి హెచ్‌ఆర్‌ని అడగండి. రేపు పురుడుకి ఆవిడ పుట్టింటికి వస్తే పనికొచ్చేవి ఆ ఆసుపత్రులే. మీ పేర 75 లక్షల టర్మ్ పాలసీ (మరణిస్తే మాత్రమే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) కూడా పెట్టుకోండి, 29 ఏళ్ళకి ప్రీమియం తక్కువ.

శ్రీకాకుళం వాళ్ళకి గుజరాత్ కొత్త ఊరేం కాదు, మన తీరం నుంచి వేరావల్ పడవల మీదకి తరాలుగా వెళ్తున్నారు. పూరీ–అహ్మదాబాద్ ఎక్స్‌ప్రెస్ విజయనగరంలో ఎక్కొచ్చు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. వచ్చే సంక్రాంతికి జనవరి 11న అక్కడ బయల్దేరాలంటే నవంబర్ 12 ఉదయం 8 గంటలకి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. తొమ్మిదింటికి చూస్తే వెయిటింగ్ లిస్టే.