విమానం నేర్చుకోవడం సగంలో ఆగింది: లోన్ తీసుకోవాలా, మానేయాలా?

ప్రశ్న: డల్లాస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వయసు 36, హెచ్1బి మీద ఉన్నాను. భార్య, ఇద్దరు పిల్లలు. ఏడాదిగా సెస్నా 172 అనే చిన్న విమానం మీద ప్రైవేట్ పైలట్ లైసెన్స్ కోసం నేర్చుకుంటున్నాను. 22 గంటలయ్యాయి, 6,500 డాలర్లు ఖర్చయ్యాయి. ల్యాండింగ్ కుదరడం లేదు, ఇంకా సోలో (ఒంటరిగా ఎగరడం) చేయలేదు. దీనికోసం ఇంకో 4,000 ఉన్నాయి. నెలకు 1,000 పక్కన పెట్టగలను. 10,000 ఒకేసారి కడితే 8 శాతం తగ్గిస్తామని ఫ్లయింగ్ స్కూలువాళ్లు అంటున్నారు. రిటైర్మెంట్ కోసం దాచే 401కె మీద లోన్ తీసుకుని కట్టేయాలా? మా ఆవిడ మానేయమంటోంది.

జవాబు: మానేయకండి. లోన్ మాత్రం వద్దు.

ఏడాదిలో 22 గంటలంటే నెలకు రెండు గంటలు కూడా లేవు. మీ ల్యాండింగ్ కుదరకపోవడానికి నాకు కనిపిస్తున్న కారణం ఇదే. రన్‌వే దగ్గరికొచ్చాక విమానం ముక్కు ఎప్పుడు, ఎంత లేపాలో చేతికి అలవాటు కావాలి. మూడు వారాలకోసారి వెళితే ఆ అలవాటు నిలవదు. గంటకు విమానం అద్దె 180, ఇన్‌స్ట్రక్టర్‌కు 75 అనుకుంటే, పోయినసారి నేర్చుకున్నది గుర్తు తెచ్చుకోవడానికి పట్టే అరగంటకే ప్రతిసారీ 127 డాలర్లు పోతున్నాయి. దానికి తోడు టెక్సాస్ వసంతంలో ఈదురుగాలులకు క్లాసులు రద్దవుతాయి. వేసవి మధ్యాహ్నాల్లో వేడికి ఇంజన్ బలమూ, రెక్కలు విమానాన్ని పైకి లేపే బలమూ తగ్గుతాయి. బాగా చేసిన వారం వెనకే ఏమీ రాని వారం వస్తుంది. నేర్చుకునేవాళ్లలో ఎక్కువమందికి జరిగేదే ఇది. ఇందులో మీ చేతకానితనం ఏమీ లేదు.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ కనీసం 40 గంటలు చాలంటుంది. బడ్జెట్ మాత్రం 65 గంటలకు వేసుకోండి, చాలామందికి 60 దాటుతుంది. మీకు మిగిలింది 43. అందులో 28 గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో అయితే 7,140, ఒంటరిగా ఎగిరే 15 గంటలకు 2,700. రాత పరీక్షకు 175. చెక్‌రైడ్ (లైసెన్స్ కోసం చివర్లో ఎగిరి చూపించే పరీక్ష) ఎగ్జామినర్ ఫీజు, ఆ రోజు విమానం అద్దె, నేల మీద చెప్పే పాఠాలు కలిపి మరో రెండు వేలు. మొత్తం పన్నెండు వేలు. తప్పకుండా పెరుగుతుంది కాబట్టి 14,000 ఉంచుకోండి.

ఇప్పుడు డిసెంబరు. నెలకు వెయ్యి చొప్పున వచ్చే అక్టోబరుకు మీ దగ్గర సరిగ్గా ఆ 14,000 ఉంటాయి. అప్పటిదాకా ఎగరడం ఆపేయండి. పది నెలల విరామంతో ఉన్నది కూడా మరిచిపోనా అంటారేమో. మరిచిపోతారు. మళ్లీ చేయి తిరగడానికి మూడు నాలుగు గంటలు పట్టొచ్చు. కానీ ఆ నష్టం ఒక్కసారితో పోతుంది, ఇప్పుడు కడుతున్నది ప్రతి క్లాసుకూ కడుతున్నారు. ఈలోగా రాత పరీక్ష పాసైపోండి, ఆ ఫలితం 24 నెలలు చెల్లుతుంది. అక్టోబరు నుంచి వారానికి మూడుసార్లు, వీలైతే పొద్దున్నే వెళ్లండి. వాతావరణం అడ్డుపడినా మూడు నాలుగు నెలల్లో చెక్‌రైడ్ దాకా చేరే అవకాశం గట్టిగా ఉంది.

401కె లోన్ ఎందుకు వద్దంటున్నానంటే, ఉద్యోగం పోతే మిగిలిన బాకీ ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా కట్టాలి. కట్టలేకపోతే దాన్ని ఆదాయం కింద లెక్కేసి పన్ను వేస్తారు, మీ వయసుకు పైన 10 శాతం జరిమానా. హెచ్1బి వాళ్లకు కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ రెండు నెలల్లో విమానం బాకీ నెత్తిమీద ఉండకూడదు. స్కూలు డిస్కౌంటూ అంతే. 8 శాతమంటే 800 డాలర్లు. దానికోసం 10,000 వాళ్ల చేతిలో పెడితే, రేపు స్కూలు మూతపడినా, ఇన్‌స్ట్రక్టర్ ఎయిర్‌లైన్‌కి వెళ్లిపోయినా ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం. ఒకసారికి ఐదారు గంటలకు మించి ముందే కట్టకండి.

మీ ఆవిడ భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. మీరు పైకి వెళ్లే ప్రతిసారీ ఇంట్లో ముగ్గురు ఎదురుచూస్తుంటారు. ఇద్దరూ కూర్చుని మీ టర్మ్ పాలసీ తెరిచి, సొంతంగా విమానం నడిపేటప్పుడు జరిగే ప్రమాదాన్ని మినహాయించారేమో చూడండి. ఇండియాలో తీసుకున్న పాలసీ ఉంటే అదీ చూడండి. ఆఫీసు ఇచ్చే ప్రమాద బీమాలో ఈ మినహాయింపు తరచూ ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు. కొత్త పాలసీ తీసుకుంటే నేర్చుకుంటున్న సంగతి దాచకండి. ప్రీమియం పెరిగినా సరే, దాచిన పాలసీ మీ పిల్లలకు పనికిరాకపోవచ్చు. అద్దె విమానం దెబ్బతింటే స్కూలు బీమా ముందు స్కూలునే కాపాడుతుంది, మీకు వేరే రెంటర్స్ పాలసీ (విమానం అద్దెకు తీసుకునేవాళ్ల బీమా) కావాలి. ఏడాదికి కొన్ని వందల డాలర్లు, సోలోకు ముందే తీసుకోండి.

లైసెన్స్ వచ్చాక ఖర్చు ఆగదు. ఎవరినైనా ఎక్కించుకోవాలంటే గడచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలి. రెండేళ్లకోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ, అంటే మీ నైపుణ్యాన్ని మళ్లీ చూడటం. చేయి తప్పకుండా ఉండాలంటే నెలకు రెండు గంటలైనా ఎగరాలి, అంటే 360 డాలర్లు. ఆ అంకె కూడా ఇప్పుడే మీ ఆవిడకు చెప్పండి. నెలనెలా అది భారం కాదని ఇద్దరూ అనుకుంటేనే అక్టోబరులో మొదలుపెట్టండి.