పదేళ్ల పాపకి ‘మలమాండర్’ ఇవ్వొచ్చా? నిక్షేపంగా ఇవ్వండి

పదేళ్ల పాపకి ‘మలమాండర్’ కొనిద్దామనుకుంటున్నాను, సముద్రపు రాక్షసి కథ కదా, రాత్రిళ్లు జడుసుకోదా అని అడిగారు. జడుసుకుంటుంది. అందుకే కొనిమ్మంటున్నాను.

థామస్ టేలర్ రాసిన ఈ నవల 2019లో వచ్చింది. హ్యారీ పాటర్ మొదటి పుస్తకానికి 1997లో అట్టమీద బొమ్మ వేసింది ఈయనే, ఆ ముక్క చెవిన పడ్డాకే మావాడు దీన్ని ముట్టుకున్నాడు. కథ జరిగేది ఈరీ-ఆన్-సీ అనే కల్పిత ఊళ్లో. చలికాలం, టూరిస్టులంతా వెళ్లిపోయారు, ఊరంతా పొగమంచు, పెద్ద హోటలు బోసిపోయి ఉంటుంది. అక్కడ జనం మర్చిపోయిన వస్తువులు భద్రపరిచి సొంతదారులకు చేర్చే పని హెర్బర్ట్ లెమన్ అనే కుర్రాడిది. ఆ మాటకొస్తే వాడూ దొరికినవాడే, నిమ్మకాయల పెట్టెలో ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. ఒక రాత్రి వయొలెట్ అనే పిల్ల వాడి నేలమాళిగ కిటికీలోంచి లోపలికి దూకి, నన్ను దాచెయ్ అంటుంది. ఆ పిల్ల వెనకాలే ఒకడు వస్తుంటాడు, చెయ్యి ఉండాల్సిన చోట పడవల కొక్కెంతో.

మేం సరిగ్గా ఇక్కడికొచ్చేసరికి బంగాళాఖాతంలో వాయుగుండం, విశాఖ పోర్టులో మూడో నంబరు హెచ్చరిక, ఇంట్లో కరెంటు లేదు. నేను సెల్‌ఫోన్ లైటు పట్టుకుని ఇంగ్లీషులో ఓ వాక్యం చదవడం, తెలుగులో చెప్పడం. మావాడు "నాన్నా, ఒక్క నిమిషం" అని లేచి, బాల్కనీ తలుపు గడియ లాగి చూసుకుని, దానికి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ కూడా పెట్టి వచ్చి, దుప్పటి మెడదాకా లాక్కుని "ఊఁ, ఇప్పుడు చదువు" అన్నాడు. ఇంతలో మా అమ్మ, రాత్రిపూట పిల్లాడికి ఆ దెయ్యాల గోలేంట్రా అని నన్ను కేకలేసి, తనే వాడి పక్కన కూర్చుని చిన్నప్పుడు పొలం గట్టు మీద చూసిన కొరివిదెయ్యం సంగతి మొదలుపెట్టింది. వాడు ఆ రాత్రి లైటు కావాలని ఏడ్చింది దానికి, పుస్తకానికి కాదు.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ ఇలాంటి పుస్తకాలు ‘నెగటివ్’ అని తేల్చేసింది, వాళ్లింట్లో మాత్రం అన్నాలవేళ టీవీలో పాము పగలు, విషం కలిపే అత్తలు. మనం చందమామలో భుజాన శవంతో శ్మశానంలో నడిచే రాజు కథలు చదివే పెరిగాం, ఎవరం చెడిపోయాం? ఇప్పుడు తెలుగులో పిల్లల కథ తెరిస్తే కుందేలు, తాబేలు, ఆఖర్న నీతి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ ఉంది, ఆర్కే బీచ్‌లో 2002 నుంచి కుర్సురా జలాంతర్గామి ఇసకలో కూర్చుని ఉంది, ఇన్ని పెట్టుకుని మనవాళ్లు ఒక్క మంచి దెయ్యం నవల రాయరేం? ఈ పుస్తకంలో కోరికలు తీర్చే రాక్షసి గుడ్డొకటి ఉంటుంది లెండి, మావాడు కుర్సురాలో దూరి గైడుగారిని "ఇక్కడ గుడ్డు ఏ గదిలో పెట్టారంకుల్?" అని అడిగాడు.

మీ పాపకి కథలో అన్నిటికంటే మర్‌మంకీ నచ్చుతుంది. పైన కోతి, కింద చేప, అదో యంత్రం. మనకి ఏ పుస్తకం కావాలో మనం చెప్పక్కర్లేదు, అదే తేలుస్తుంది. మా ఊరి పుస్తకాల షాపులో అలాంటిది పెడితే బాగుణ్ణు, అక్కడ పిల్లల పుస్తకం అడిగితే ఒలింపియాడ్ గైడ్లు చూపిస్తున్నారు.

మొత్తం ఐదు పుస్తకాలు: మలమాండర్, గార్గాంటిస్, షాడోగాస్ట్, ఫెస్టర్‌గ్రిమ్, మెర్మెడూసా. హెర్బర్ట్ అసలు ఎవరన్న ముడి రచయిత నెమ్మదిగా విప్పుతాడు కాబట్టి వరుసగానే చదివించండి, ఆఫర్‌లో ఉందని మధ్యలోది కొనకండి.