బ్యాక్టీరియా గాజు దగ్గర చేరి గుండ్రంగా తిరుగుతుంటే శాంపిల్ పాడైనట్టా?

స్లైడు మీద ఈ.కోలై అంతా గాజు దగ్గరే చేరి సున్నాలు చుడుతోంది, చిక్కటి చుక్కలో సుడులు కూడా కనిపిస్తున్నాయి, ఎందుకని అడిగారు. శాంపిల్ బాగానే ఉంది. మొదటిసారి చూసినప్పుడు నాకూ ఇదే టెన్షన్. నీరు ఎటో కారుతోందనుకుని మూడు స్లైడ్లు మార్చాను.

అనుమానం తీర్చింది మైక్రోస్కోపు ఫోకస్ నాబే. కింద స్లైడు దగ్గర చూస్తే అన్నీ గడియారపు ముల్లు తిరిగే వైపే తిరుగుతున్నాయి. మెల్లగా పైకి, చుక్కను కప్పే పలుచటి గాజు (కవర్ స్లిప్) దాకా వస్తే అవే సున్నాలు, కానీ ఎదురు దిక్కున! మధ్య నీళ్ళలో ఉన్నవి తిన్నగా పోతూ, ఉండుండి దిక్కు మార్చుకుంటున్నాయి. నీరు కారుతుంటే అన్నీ ఒకే వైపు కొట్టుకుపోవాలి కదా.

బ్యాక్టీరియా ఈదడానికి తిప్పే తోకల్లాంటి కశాభాల కట్ట ఒక వైపు తిరిగితే దాని శరీరం ఎదురు వైపు తిరగక తప్పదు. గాజును ఆనుకున్న వైపు నిరోధం ఎక్కువ కాబట్టి శరీరం ఒక పక్కకి, కశాభాలు రెండో పక్కకి జరుగుతాయి, దారి వంగిపోతుంది. ఎరిక్ లౌగా, హోవర్డ్ స్టోన్ తదితర పరిశోధకులు 2006లో దీన్ని లెక్కలతో చూపించారు. గాజుకు బదులు గాలి తగిలే శుభ్రమైన నీటి ఉపరితలమైతే తిరిగే దిక్కే మారుతుంది.

ఇక గాజు దగ్గరే ఎందుకు చేరతాయంటే, అక్కడ తిండి ఉందని కాదు. 2 మైక్రోమీటర్ల జీవికి నీటిలో జడత్వం లెక్కలోకే రాదు. గోడకు తగిలితే బంతిలా వెనక్కి రాదు, గోడ వెంబడే ఈదుతుంది. అది తోసిన నీరు కూడా దాన్ని గోడవైపు కొంత లాగుతుంది. రెండిట్లో ఏది ఎక్కువన్న చర్చ ఉంది, నేను మొదటిదానివైపే మొగ్గుతాను. ఎద్దు వీర్యకణాలు ఇలాగే గాజు దగ్గర గుమిగూడతాయని శాస్త్రవేత్త రోత్‌షైల్డ్ 1963లోనే రాశారు.

సుడుల సంగతి నాకు మరీ ఇష్టం. చిక్కగా ఉన్నప్పుడు ఒకటి తోసిన నీరు పక్కదాన్ని తిప్పుతుంది, అలా గుంపులు కడతాయి. 2013లో నూనె మధ్య బంధించిన చిన్న చదును చుక్కల్లో బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా ఒకే నిలకడైన సుడి కట్టింది. అంచున ఉన్న సన్నటి పొర మాత్రం దానికి ఎదురుగా తిరిగింది!

చిక్కటి శాంపిల్ అయితే త్వరగా చూడండి, కవర్ స్లిప్ కింద ఆక్సిజన్ తగ్గితే ఈత మందగిస్తుంది. దిక్కు రాసుకునే ముందు స్లైడు మీద ఒక అక్షరం రాసి కెమెరాలో చూడండి. అది తలకిందులుగా కనిపిస్తే పర్వాలేదు, అద్దంలోలా కనిపిస్తే మాత్రం మీరు రాసుకున్న దిక్కులన్నీ తారుమారే.